అంతేవాసి ధర్మం

(మన దేవస్థాన కల్యాణమండపంలో చైత్రమాస ప్రవచనాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)





ఈ వేదిక మీద ఇంతకుముందు రామాయణం గురించి, భగవద్గీత గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేశాను. ఈ రోజు ఒక వ్యాధిని గురించి, ఆ వ్యాధితో జీవిస్తున్న పెద్దల ప్రక్కన కూర్చునే విద్యార్థులను గురించి మాట్లాడదలచాను. ప్రవచన వేదిక మీద వ్యాధుల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నేను వైద్యుడను కాను. అయితే ఈ వ్యాధి విషయంలో ఒక పెద్ద తప్పు చేసినవాడను. నా తప్పు విన్నవారిలో ఒక్కరైనా అదే తప్పు చేయకుండా ఆగితే ఈ ప్రసంగం సార్థకమే.

నాకొక సహాధ్యాయి ఉండేవాడు. పన్నెండేళ్ల వయస్సులో ఒకే పాఠశాలలో ఒకే చాప మీద కూర్చుని శబ్దమంజరి వల్లె వేశాము. లఘుకౌముది ఒకే ప్రతిలో చదువుకున్నాము. పుటకు ఆ వైపు అతడు, ఈ వైపు నేను. పెద్దవారమైన తరువాత వేర్వేరు కళాశాలలలో సంస్కృతం బోధించినా, విరమణానంతరం ఇద్దరమూ ఈ ఊరే చేరుకున్నాము. సాయంకాలం వారి అరుగు మీద కూర్చుని శాస్త్రచర్చ చేయడం మాకు నిత్యకృత్యం. అతడిది గంభీరమైన కంఠం. మైకు లేకుండానే సభలో చివరి వరుసకు వినిపించేది.

కొన్నేళ్ల క్రితం నాకు ఒక సన్మానం జరిగింది. అతడు ముందు వరుసలోనే కూర్చున్నాడు. వక్తలు నన్ను గురించి మంచి మాటలు చెబుతుంటే సభ చప్పట్లు కొడుతున్నది. అతడి ముఖం మాత్రం రాతిలో చెక్కినట్లు కదలలేదు. నవ్వు లేదు. రెప్పపాటు కూడా అరుదు. చేతులు ఒడిలో ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. సభ ముగిశాక నా దగ్గరకు వచ్చి ఏదో గొణిగాడు. "ఏమోయ్, కాస్త గట్టిగా అనవచ్చు కదా" అన్నాను. మళ్లీ అలాగే గొణిగి, కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరవై ఏళ్లకు దగ్గరపడిన స్నేహంలో అతడికి నా మీద అసూయ పుట్టిందని నిశ్చయించుకున్నాను. మరునాటి నుండి వారి అరుగు ఎక్కలేదు. సంక్రాంతికి ముందు అతడి నుండి ఒక కార్డు వచ్చింది. నాలుగు వీథుల అవతల ఉన్నవాడు కార్డు వ్రాయడమేమిటని మొదటి కోపం. విప్పి చూస్తే, తొలి పంక్తిలో అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి, చివరి పంక్తికి నలుసులంత అయినాయి. నాకు వ్రాయడానికి ఇంత నిర్లక్ష్యమా అని రెండవ కోపం. చదవకుండానే ఆ కార్డును పంచాంగంలో పెట్టి మూసివేశాను. ఈ విధంగా పద్నాలుగు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం మా ఇంటికి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. ఒక అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతున్నది, ఒక అబ్బాయి బి.కాం. రెండవ సంవత్సరం. "తాతగారూ, పెద్ద అక్షరాల రఘువంశం మీ దగ్గర ఉన్నదని మాస్టారు చెప్పారు. కొన్నాళ్లు ఇప్పిస్తారా?" అని అడిగారు. ఏ మాస్టారని అడిగితే నా సహాధ్యాయి పేరు చెప్పారు. అతడి మనుమడికి ఈ అమ్మాయి తరగతి స్నేహితురాలట. ప్రతి ఆదివారం ఇద్దరూ వెళ్లి అతడి దగ్గర గంటసేపు కూర్చుంటున్నారట.

"ఆయనకు మనుషులు అక్కరలేదమ్మా. ముఖాన నవ్వు కూడా లేదు" అన్నాను. నా స్వరంలోని కటుత్వం ఆ పిల్లకు అర్థమై ఉంటుంది. అయినా వినయంగానే అన్నది: "మాస్టారికి పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నది తాతగారూ. ముఖంలోని కండరాలు చెప్పినట్లు వినవు. లోపల నవ్వుతూనే ఉంటారు. అది పైకి రాదు."

వారు పుస్తకం తీసుకుని వెళ్లాక పంచాంగం తెరిచి ఆ కార్డు తీశాను. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాను. అందులో గొప్ప మాటలేమీ లేవు. నా సన్మాన సభలో నేను చెప్పిన ఒక ఉదాహరణ బాగున్నదన్నాడు. పండుగకు రమ్మన్నాడు. చివర ఇలా వ్రాశాడు: ఫోనులో నా మాట ఎవరికీ వినబడడం లేదు, నువ్వు ఎదురుగా కూర్చుంటే నీకు వినబడుతుందేమో.

ఆ పండుగ వెళ్లిపోయి ఏడాది దాటింది.

భక్తులారా! ఇప్పుడు ఈ వ్యాధిని గురించి కొంచెం తెలుసుకుందాము. తెలియకపోవడమే నా తప్పుకు మూలం కనుక ఇది అవసరం.

మన వైద్య గ్రంథాలకు ఈ లక్షణాలు అపరిచితం కావు. మాధవనిదానం వాతవ్యాధుల ప్రకరణంలో సర్వాంగాలూ శిరస్సూ కంపించే వ్యాధిని వేపథువు అని పేర్కొన్నది. కంపవాతమన్న మాట మన ఇళ్లలోనూ ఉన్నది. ఆధునిక వైద్యంలో దీనిని తొలిసారి సమగ్రంగా వర్ణించినవాడు లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్. 1817లో ఆయన ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. అందులో ఆరుగురు రోగుల వృత్తాంతాలు ఉన్నాయి. ఆ ఆరుగురిలో ఇద్దరు ఆయనకు వీథిలో యాదృచ్ఛికంగా తారసపడినవారు. మరొకరిని దూరం నుండి చూచి గమనించాడు. ఎందరో ఆ వీథులలో వారిని దాటిపోయి ఉంటారు. ఆయన ఒక్కడూ ఆగి చూశాడు. తరువాత ప్యారిస్‌లో షార్కో అనే నరాల వైద్య నిపుణుడు ఈ వ్యాధికి ఆయన పేరు పెట్టాడు. పార్కిన్సన్ పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ఇప్పుడు ప్రపంచమంతటా ఈ వ్యాధి అవగాహన దినంగా పాటిస్తున్నారు.

మెదడు అడుగు భాగంలో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలున్నాయి. అవి క్రమక్రమంగా నశించడం ఈ వ్యాధికి ముఖ్య కారణం. శరీరం సాఫీగా కదలాలంటే ఆ పదార్థం కావాలి. అది తగ్గితే కదలిక మందగిస్తుంది, అవయవాలు బిగుసుకుంటాయి. చాలామందికి చేయి ఊరక ఉన్నప్పుడు వణుకుతుంది. కొందరికి వణుకే ఉండదు. నా సహాధ్యాయికి లేదు. అందుకే చాలాకాలం వరకు ఇంట్లోవారు కూడా వయోభారం అనుకున్నారు. కంఠం సన్నగిల్లడం, వ్రాత చిన్నదైపోవడం, ముఖంలో భావం తెలియకపోవడం, నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అంటుకుపోయినట్లు ఆగిపోవడం, ఇవన్నీ దీని లక్షణాలే. వాసన తెలియకపోవడం, మలబద్ధకం వంటివి వణుకు కంటే ఎన్నో ఏళ్లు ముందుగానే రావచ్చు. ఇది అంటువ్యాధి కాదు. పూర్వజన్మ పాపమని ఎవరూ ముద్ర వేయనక్కరలేదు.

మందులున్నాయి. లెవోడోపా అనే మందు 1960ల చివరి నుండి లక్షలాది మందిని మళ్లీ నడిపించింది. మన దూలగొండి గింజలలో కూడా ఈ లెవోడోపా సహజంగా ఉన్నది. అలాగని విన్నవారెవరూ గింజల పొడి సొంతంగా తినవద్దు. వైద్యుడిచ్చిన మాత్రలకు అది తోడైతే మోతాదు మించి ప్రమాదం కలుగుతుంది. ఈ మందు కొన్ని గంటలే పనిచేస్తుంది. వేళకు పడితే మనిషి లేచి తిరుగుతాడు. దాని బలం తగ్గగానే అదే మనిషి కుర్చీలో నుండి లేవలేడు. ఉదయం గుడికి వచ్చిన పెద్దాయన సాయంత్రం మంచం దిగకపోతే ఇంట్లోవారు బద్ధకమని నిందిస్తారు. అది బద్ధకం కాదని గ్రహించాలి.

వ్యాధిని పూర్తిగా ఆపగల మందు ఇంకా లేదు. మందు చేయలేని పని ఒకటి మిగిలిపోతుంది. మాట వినబడక, ముఖం పలకక, చేయి కదలక మనిషి తన ఇంట్లోనే ఒంటరి అవుతాడు. వచ్చేవారు తగ్గుతారు. వచ్చినవారు ఇల్లాలితో మాట్లాడి, అతడి వైపు జాలిగా చూచి వెళ్లిపోతారు. నావంటివారు అసలే మానేస్తారు.

కార్డు చదివిన మరుసటి ఆదివారం నేను వెళ్లాను. అరుగు మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి ఉన్నాయి, అడుగు దూరానికొక గీత. ఏ ముగ్గు ఇది అనుకున్నాను. లోపలి నుండి అతడు వస్తున్నాడు. గడప దగ్గరకు రాగానే ఆగిపోయాడు. పాదాలు వణుకుతున్నాయి, ముందుకు రావడం లేదు. నేను గబగబా వెళ్లి చేయి పట్టి లాగబోయాను. "వద్దు తాతగారూ, లాగితే పడిపోతారు" అని ఆ అమ్మాయి నన్ను ఆపింది. అబ్బాయి అతడి ప్రక్కన నిలబడి, తొందరపడకుండా తొడ మీద తాళం వేస్తూ అనుష్టుప్ నడకలో ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టాడు. నా సహాధ్యాయి పెదవులు కదిలాయి. రెండవ లెక్కకు కుడిపాదం గడప దాటింది. ఆ తరువాత గీత మీద గీత దాటుకుంటూ అరుగు చివరి దాకా వచ్చాడు.

నాకు ఆశ్చర్యం వేసింది. తనంతట తాను వేయలేని అడుగు, బయట నుండి ఒక లయగానీ గుర్తుగానీ ఆసరా ఇస్తే పడుతుందని, ఈ వ్యాధిలో ఇది చాలామందికి పనికివస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. అమెరికాలో బ్రూక్లిన్ అనే చోట మార్క్ మోరిస్ నృత్య బృందం వారు 2001 నుండి ఈ వ్యాధి ఉన్నవారికి నృత్య తరగతులు నడుపుతున్నారని కూడా చెప్పింది. తన అధ్యాపకులను అడిగి, చికిత్స చేస్తున్న వైద్యునికి తెలిపిన మీదటనే ఆ గీతలు గీసిందట. బాల్యం నుండి ఛందస్సును నోటితో మోసినవాడికి ఛందస్సే చేతికర్ర అయినది.

తరువాత పాఠం మొదలయింది. అవును, పాఠమే. బి.కాం. అబ్బాయి అరుగుకు ఆ చివర కూర్చున్నాడు, నా మిత్రుడు ఈ చివర. రామశబ్దం వల్లె వేస్తున్నాడు ఆ అబ్బాయి. తప్పులు కుప్పలు. నా మిత్రుడు సవరిస్తున్నాడు కాని మాట ఆ చివరకు అందడం లేదు. "వినబడలేదు మాస్టారూ" అంటాడు అబ్బాయి. మళ్లీ చెబుతాడు. "ఇంకొంచెం గట్టిగా మాస్టారూ." ఇలా రెండుసార్లు అయింది. మూడవసారి అబ్బాయి ప్రథమా విభక్తిలో విసర్గ మింగేశాడు. అంతే, "విసర్గ ఏదిరా!" అని ఒక్క గర్జన వినిపించింది. వీథిలో పోయేవారు తిరిగి చూశారు. పద్నాలుగు నెలల తరువాత నేను విన్న అతడి మొదటి మాట అది. ముఖం అలాగే కదలకుండా ఉన్నది. నేను ఈసారి ముఖం చూడలేదు, కళ్లు చూశాను. కళ్లు నవ్వుతున్నాయి.

పాఠం అయ్యాక నేను క్షమాపణ చెప్పబోయాను. అతడు ఏదో అన్నాడు. నేను తొందరపడి అందుకోలేదు. దగ్గరగా జరిగి ఆగాను. కొంతసేపటికి మాట పూర్తి అయింది: "కార్డు ఇప్పుడు అందిందా?" అన్నాడు. అందిందన్నాను. అంతకుమించి మేమిద్దరమూ ఆ విషయం మాట్లాడుకోలేదు.

ఆ రోజు మరొకటి గమనించాను. విద్యార్థులు రాగానే అతడి ధర్మపత్ని చీర మార్చుకుని, పూలసజ్జ తీసుకుని బయలుదేరింది. ఎక్కడికమ్మా అని అడిగాను. "స్వామి దగ్గరకు అన్నయ్యగారూ" అన్నది. ఈ గుడికి నాలుగు వీథుల దూరంలో ఉండి, మూడేళ్లుగా ఆమె గర్భాలయం చూడలేదట. అతణ్ణి ఒంటరిగా వదలి రాలేకపోయింది. వారమంతటిలో ఆ ఒక్క గంట ఆమెకు దర్శనభాగ్యం. ఆ పిల్లలు ఒక గంటలో ఇద్దరికి ఉపకారం చేస్తున్నారు. ఒకరికి తోడు, మరొకరికి విశ్రాంతి.

ఇప్పుడు శాస్త్రం వైపు వస్తాను. శిష్యుణ్ణి మనవారు ఎన్నో పేర్లతో పిలిచారు. అందులో నాకు ప్రియమైనది అంతేవాసి. అంతే అంటే సమీపంలో, వాసి అంటే ఉండేవాడు. గురువుకు దగ్గరగా ఉండేవాడు అంతేవాసి. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఒక అందమైన భావన ఉన్నది. ఆచార్యుడు పూర్వవర్ణం వంటివాడు, అంతేవాసి తరువాతి వర్ణం వంటివాడు, విద్య ఆ రెంటి సంధి, ప్రవచనం వారిని కలిపే సాధనం అని అక్కడ చెప్పారు. వ్యాకరణం చదివినవారికి తెలుసు, రెండు వర్ణాలు మిక్కిలి దగ్గరగా రావడాన్నే పాణిని సంహిత అన్నాడు. ఆ సామీప్యం లేనిదే సంధికార్యం జరగదు. సూత్రం ఎంత తెలిసినా వర్ణాలు ఎడంగా ఉంటే పని జరగదు.

నేను ఏభై ఏళ్లు ఆ సూత్రం బోధించాను. నాలుగు వీథుల అవతల ఉన్న మిత్రుడి విషయంలో దానిని మరచిపోయాను. సంస్కృతం ముక్క రాని బి.కాం. విద్యార్థి దానిని ఆచరించి చూపాడు.

ఆ పిల్లలు అతడికి అన్నం తినిపించలేదు, మందులు ఇవ్వలేదు, జాలి పడలేదు. చదువుకోవడానికి వచ్చారు. అతడిని రోగిగా కాక గురువుగా కూర్చోబెట్టారు. నా మనవి అంతా ఇందులోనే ఉన్నది. ఈ వ్యాధి మనిషి చేతిలోని శక్తిని తీసుకుంటుంది. మనం తెలియని దయతో అతడి చేతిలోని దానం చేసే అధికారాన్ని కూడా తీసుకుంటాము. అన్నీ మనమే చేసిపెడతాము, అతడి నుండి ఏమీ పుచ్చుకోము. పుచ్చుకునేవాడు లేని ఇంట్లో ఇచ్చేవాడు ఎలా బ్రతుకుతాడు? విద్యార్థి ధర్మం పుచ్చుకోవడం. అందుకే ఈ పనికి విద్యార్థిని మించిన అర్హుడు లేడు. ప్రతి పెద్దవాడి దగ్గరా నేర్చుకోవలసింది ఒకటి ఉంటుంది. కమ్మరికి ఇనుము కాగే రంగు తెలుసు, రైతుకు మేఘం తెలుసు, గృహిణికి ఊరగాయ పాళ్లు తెలుసు, లెక్కల మాస్టారికి లెక్క తెలుసు. అడిగేవాడు కావాలి.

విదేశాలలో ఇటువంటి ఏర్పాట్లు కళాశాలల పక్షాన జరుగుతున్నాయి. అమెరికాలో చికాగో నగరంలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం గత శతాబ్దం చివరి నుండి, మతిమరుపు వ్యాధి తొలిదశలో ఉన్నవారికి వైద్య విద్యార్థులను ఒక్కొక్కరిని తోడుగా జతపరుస్తున్నది. వారు అక్కడికి చికిత్స చేయడానికి వెళ్లరు, కలిసి గడుపుతారు. ఆ వ్యాధి వేరు, ఈ వ్యాధి వేరు. పద్ధతి మాత్రం మనకు ఆదర్శం. మనకిది క్రొత్త కాదు కూడా. గురుకులం అన్న మాటకు అర్థమే అది.

ఈ పని చేయదలచిన యువతీ యువకులకు, వారి తల్లిదండ్రులకు నేను చూచి నేర్చుకున్న కొన్ని నియమాలు మనవి చేస్తాను.

మొదటిది వేళ. మందు బాగా పనిచేస్తున్న సమయం ఏదో ఇంట్లోవారిని అడిగి ఆ వేళకే వెళ్లాలి. మన వీలు కంటే వారి వీలు ముఖ్యం. ఇద్దరు కలిసి వెళ్లడం మేలు.

రెండవది నిరీక్షణ. వారు మాట మొదలుపెట్టి ఆగితే మనం పూరించకూడదు. సమస్యాపూరణం అవధాన సభలో శోభిస్తుంది, ఇక్కడ కాదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పడితే పది నిమిషాలూ ఆగాలి. అడిగితేనే చేయి అందించాలి.

మూడవది నడక. నడుస్తున్నవారిని మాటలలో పెట్టకూడదు. ఒకేసారి రెండు పనులు ఈ వ్యాధిలో కష్టం. పాదం ఆగిపోతే లాగకూడదు, నెట్టకూడదు. ప్రక్కన నిలబడి తాళం వేయవచ్చు, లెక్కపెట్టవచ్చు. కూర్చున్నవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు కనుక నెమ్మదిగా లేవమని చెప్పాలి.

నాలుగవది ఆహారం, మందు. విద్యార్థి తన చేతితో మందు ఇవ్వకూడదు. కొందరికి మింగడం కష్టమవుతుంది కనుక ఇంట్లోవారిని అడగకుండా ప్రసాదమైనా నోటికి అందించకూడదు. పాలు, పప్పు వంటి మాంసకృత్తులున్న ఆహారం కొందరిలో ఈ మందు ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. మాత్ర ఎప్పుడు, భోజనం ఎప్పుడు అన్నది వైద్యుని మాట.

ఐదవది గోప్యత. ఆ ఇంట్లో చూచినది ఆ ఇంట్లోనే ఉండాలి. పడిపోయిన పెద్దాయనను, వణుకుతున్న చేతిని ఫోనులో ఫొటో తీసి నలుగురికి పంపడం మహాపాపం.

ఆరవది పరంపర. విద్యార్థికి పరీక్షలుంటాయి, చదువు ముగుస్తుంది, ఉద్యోగం వస్తుంది. మాట ఇచ్చి చెప్పకుండా మానేస్తే, అసలు రాకపోవడం కంటే అది ఎక్కువ బాధిస్తుంది. నా మిత్రుడి దగ్గరకు వచ్చిన అమ్మాయి చదువు ముగియడానికి రెండు నెలల ముందే తన తరువాతి తరగతి విద్యార్థినిని వెంట తెచ్చి పరిచయం చేసింది. ఆ రెండు నెలలూ ఇద్దరూ కలిసి వచ్చారు. ఆ తరువాతనే ఆమె సెలవు తీసుకున్నది.

ఇక ఈ ఆలయానికి సంబంధించిన మాట. యాత్రికులారా! క్యూలో మీ ముందున్న పెద్దాయన గడప దగ్గర హఠాత్తుగా ఆగిపోతే, అడుగు తడబడితే, తాగి వచ్చాడనో దారికి అడ్డంగా నిలిచాడనో అనుకోకండి. వెనుక నుండి నెట్టకండి. ఆయన స్వామిని చూడడానికి మనకంటే ఎక్కువ దూరం నడిచి వచ్చాడు. ఇంటి నుండి గుడి దాకా ప్రతి గడపా ఆయనకు ఒక కొండ. ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషం కూడా దర్శనంలో భాగమే.

దాతలారా! ఈ పనికి పెద్ద భవనం అక్కరలేదు. మండపంలో చేతులున్న గట్టి కుర్చీలు పది, మెట్ల ప్రక్కన పట్టుకోవడానికి కమ్మీలు, విద్యార్థులకు ఆటో చార్జీలు, పెద్ద అక్షరాల పుస్తకాలు కొన్ని చాలు. శిలాఫలకం మీద పేరు చెక్కడానికి వీలులేని దానాలు ఇవి. అయినా అడుగుతున్నాను.

ధర్మకర్తల మండలి వారికి నా విన్నపం ఒకటే. ఊరిలోని కళాశాలల ప్రధానాచార్యులతో మాట్లాడి, ఒక ఫిజియోథెరపీ నిపుణునితోనో నరాల వైద్యునితోనో విద్యార్థులకు ఒక పూట శిక్షణ ఇప్పించండి. సుముఖంగా ఉన్న కుటుంబాల పేర్లు ఆలయ కార్యాలయంలో నమోదు చేయించండి. మొదట ఐదు ఇళ్లతో ఆరంభించినా చాలు. నాకు ఓపిక ఉన్నంతవరకు ఆ పిల్లలతో పాటు నేనూ వెళ్తాను.

నా మిత్రుడి మాట చెప్పి ముగిస్తాను. విద్యార్థులు వచ్చినంత మాత్రాన అతడి వ్యాధి ఆగలేదు. అబద్ధం చెప్పను. రెండున్నరేళ్లలో కంఠం మరింత తగ్గింది. సుద్దగీతలు దాటడం పోయి చక్రాల కుర్చీ వచ్చింది. చివరి నెలలలో పాఠం గంట నుండి పావుగంట అయింది. అయినా ఆదివారం తప్పలేదు. బి.కాం. అబ్బాయి రఘువంశం రెండవ సర్గ పూర్తి చేశాడు. ఒక శ్లోకానికి అన్వయం చెప్పడానికి అతడికి అరగంట పట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆ అరగంట ఎవ్వరమూ కదలలేదు.

గత మార్గశిరంలో అతడు స్వామి సన్నిధికి చేరుకున్నాడు. పదకొండవ రోజున ఆ అబ్బాయి నా రఘువంశం ప్రతి తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. అంచులలో అతడి అక్షరాలు ఉన్నాయి, నలుసులంత. పుస్తకం నువ్వే ఉంచుకోమన్నాను. "మూడవ సర్గ మీరు చెబుతారా తాతగారూ?" అని అడిగాడు. ఇప్పుడు ఆదివారాలు మా అరుగు మీద మూడవ సర్గ నడుస్తున్నది.

ఆ పద్నాలుగు నెలలు నాకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మీ వీథిలోనూ ఎవరి కార్డో ఏ పంచాంగంలోనో చదవకుండా ఉండి ఉంటుంది. ఈ రోజు ఇంటికి వెళ్లే దారిలో, ఈ మధ్య నవ్వడం మానేసిన మీ పెద్దవారు ఎవరైనా ఉంటే, ఒక్కసారి వారి ఎదుట దగ్గరగా కూర్చోండి. ముఖం చూచి తీర్పు చెప్పకండి. మాట పూర్తయ్యేదాకా ఆగండి.

స్వామి అనుగ్రహం మీకందరికీ కలుగుగాక!

స్వస్తి.